వ్యాను గూటికి ఏ రంగు? — తెలుపు నలుపుల పాఠముపై ఒక విమర్శ

చోడవరము, రోలుగుంట, నర్సీపట్నము ప్రాంతపు రోడ్లపై తిరుగు చిన్న సరకు వ్యానులలో కొన్నిటికి వెనుక బాడీపై రేకుతో కట్టిన గూడు ఒకటి ఉండును. వెనుకటి కాలపు గూడుబండికి ఇది వారసురాలు. అయితే గూడుబండికి కప్పు వెదురుచాప, తాటాకు. వ్యానుకు కప్పు ఇనుపరేకు. వెదురుచాప లోపల గాలిపొరలుండి ఎండవేడిని త్వరగా లోనికి పోనీయవు. రేకు మందము ఒక మిల్లీమీటరు మాత్రమే. పైమొగమునకు తగిలిన వేడి క్షణములో లోపలి మొగమునకు చేరును. వానను ఆపుటలో తాటాకును మించినదైనను, ఎండను ఆపుటలో రేకు తాటాకుకు సాటి రాదు. కనుక ఈ గూటికి వేయు రంగు అలంకార విషయము మాత్రమే కాదు. లోపల వంగబుట్టలు ఉండవచ్చును, అనకాపల్లి మార్కెట్టుకు పోవు బెల్లపు దిమ్మలు ఉండవచ్చును. వాటిని ఎక్కించుచు దించుచు కళాసీలు గంటలకొలది ఆ రేకు క్రిందనే మసలుదురు. కోసిన కూరగాయ కూడ శ్వాసించుచునే ఉండును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొలది ఆ శ్వాసక్రియ వేగము ఇంచుమించు రెండు మూడు రెట్లగును. కాయ వడలుట, కుళ్ళుట ఆ వేగమును అనుసరించియే జరుగును.

షెడ్డులో గూడు తయారు కాగానే పెయింటరు రంగుల కార్డు చేతికిచ్చును. అప్పుడు వినవచ్చు సమాధానములు సాధారణముగా మూడు. ముందరి క్యాబిను రంగే వెనుకకు వేయించుట మొదటిది. మట్టి కనపడదు కనుక ఎరుపో ముదురు నీలమో వేయించుట రెండవది. ఇక మూడవది, “అసలు రంగెందుకు? జింకు రేకు తళతళ మెరయుచున్నది, ఎండను అదే తిప్పికొట్టును” అనుట. నాలుగవ సమాధానము ఇంట్లో హైస్కూలు చదువు పిల్లవాడు చెప్పును: “తెలుపు వేయించవలెను. నలుపు వేడిని పీల్చును, తెలుపు పీల్చదు.”

పిల్లవాడు చెప్పిన రంగు సరియైనదే. కాని అతడు చెప్పిన కారణము సగము మాత్రమే. ఆ మిగిలిన సగము తెలియనందున, మెరయు జింకు రేకును చూపి “ఇది తెలుపుకన్న ఎక్కువ మెరయుచున్నది గదా” అని తండ్రి అడిగినచో పిల్లవాడు నోరు మెదపలేడు. తరగతిలో మార్కులు తెచ్చిన సూత్రము షెడ్డులో ఓడిపోవును. లోపము పిల్లవానిది కాదు, పాఠము చెప్పిన తీరులో ఉన్నది.

ఈ పాఠమునకు మూలపురుషులలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. అతడు 1761లో వ్రాసిన ఒక లేఖలో తన ప్రయోగమును వర్ణించెను. దర్జీవాని నమూనా కార్డు నుండి నలుపు, ముదురు నీలము, లేత నీలము, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, తెలుపు మొదలగు రంగుల గుడ్డముక్కలను తీసికొని, ఎండకాయు ఒక ఉదయమున మంచుపై పరచెను. కొన్ని గంటలకు నల్లగుడ్డ మంచులో అన్నిటికన్న లోతుగా దిగిపోయెను. తెల్లగుడ్డ పైననే నిలిచెను. రంగుల కార్డును ఇంతకన్న చక్కగా ఉపయోగించినవారు అరుదు. పాఠ్యపుస్తకములు ఈ ప్రయోగపు సారమును తీసికొన్నవి గాని అచ్చటనే ఆగిపోయినవి. ఫ్రాంక్లిన్ వాడినవి అన్నియు గుడ్డముక్కలే. వాటిలో మెరయు లోహపు ముక్క ఒక్కటియు లేదు. గుడ్డ విషయమున తేలిన సూత్రమును రేకు విషయమున వాడునప్పుడు మరి రెండు సంగతులు కలుపుకొనవలెను.

మొదటి సంగతి 1800లో విలియం హెర్షెల్ కనుగొన్నాడు. సూర్యరశ్మిని పట్టకము గుండ పంపి, విడిపోయిన రంగులలో ఉష్ణమాపకములను ఉంచి చూడగా, ఎరుపును దాటి, కంటికి ఏమియు కనపడని చోట కూడ పాదరసము పైకి లేచెను. పరారుణ కిరణముల జాడ అట్లు తెలిసినది. భూమిపై పడు సూర్యశక్తిలో అతినీలలోహిత కిరణముల వాటా ఇంచుమించు నూటికి 5 పాళ్ళు. కంటికి కనపడు వెలుగు సగమునకు కొంచెము తక్కువ. మిగిలిన సగమునకు పైబడిన భాగము పరారుణమే. అనగా రంగుల కార్డును చూచి నిర్ణయించు కన్ను ఎండలో సగమునే చూచుచున్నది. రెండవ సగమునకు అది గ్రుడ్డిది.

దీనికి నిదర్శనము ఊరిలోనే కలదు. మామిడాకు కంటికి ముదురు ఆకుపచ్చగా కనపడును. అది కనపడు వెలుగులో చాల భాగమును పీల్చుకొనును గాని, తనపై పడు సమీప పరారుణ కిరణములలో దాదాపు సగమును తిప్పి పంపును. దీపపు మసివంటి కర్బనముతో చేసిన నల్లరంగు అటుల గాక, కనపడు వెలుగును, కనపడని పరారుణమును కూడ పీల్చివేయును. క్రోమియము, ఇనుము కలిసిన ఆక్సైడులతో చేసిన కొన్ని నల్ల వర్ణకములు కంటికి నల్లగనే ఉండియు పరారుణమును కొంతవరకు తిప్పికొట్టును. కనుక కార్డుపై ఒకే తీరున కనపడు రెండు ముదురు రంగులు ఎండలో ఒకే తీరున వేడెక్కునన్న హామీ లేదు. “ముదురు”, “లేత” అను మాటలు కంటి భాషలోనివి. రేకుకు ఆ భాష తెలియదు.

తెల్లరంగు ఈ పరీక్షలో నెగ్గుట దాని వర్ణకము వలన. నేటి తెల్లరంగులలో ఉండునది టైటానియం డయాక్సైడు. దాని వక్రీభవన గుణకము సుమారు 2.7, దానిని పట్టియుంచు జిగురు పదార్థపుది సుమారు 1.5. ఈ తేడా వలన సన్నని పొడి రేణువులు వెలుగును, పరారుణమును కూడ అన్ని దిక్కులకు చెదరగొట్టును. అతినీలలోహితమును మాత్రము పీల్చుకొనును, కాని అది కొద్ది పాలే గదా. ఈ టైటానియమునకు ముడిఖనిజమైన ఇల్మనైటు భీమునిపట్నము సముద్రతీరపు ఇసుకలో కలదు. అచ్చట నల్లగా కనపడు ఇసుకలో తెల్లరంగుకు మూలపదార్థము దాగియుండుట రసాయన పాఠము చెప్పు ఉపాధ్యాయులకు పనికివచ్చు విశేషము.

రెండవ సంగతి మరింత ముఖ్యమైనది. పుస్తకములు దానిని మరియొక అధ్యాయములో చెప్పి, ఈ అధ్యాయముతో ముడిపెట్టక వదలివేయుచున్నవి. రేకు వేడెక్కుట ఎంత వేడిని పీల్చునను దానిపైననే గాక, పీల్చిన వేడిని ఎంత త్వరగా విడుచునను దానిపైన కూడ ఆధారపడును. జాన్ లెస్లీ 1804లో ప్రచురించిన పరిశోధనలో, వేడినీటితో నింపిన రేకు డబ్బా ముఖములను వేర్వేరుగా తయారుచేసి, మసి పూసిన ముఖము వేడిని ధారాళముగా వెదజల్లుననియు, మెరుగుపెట్టిన లోహపు ముఖము చాల పిసినారియనియు చూపెను. ఈ గుణమును ఉద్గారత అందురు. పెయింటు పూత తెలుపైనను నలుపైనను దాని ఉద్గారత సుమారు 0.9. ఎండలో తెల్లనిదైన పూత, తన వేడిని విడుచు దీర్ఘతరంగ పరారుణములో మసివలెనే ప్రవర్తించును! కొత్త జింకు రేకు ఉద్గారతయో 0.1 నుండి 0.3 వరకే. అది ఎండను కొంత తిప్పికొట్టును, నిజమే. కాని పీల్చిన దానిని గట్టిగా పట్టుకొని కూర్చుండును.

అంకెలలో చూచినచో ఈ తేడా తేటపడును. మిట్టమధ్యాహ్నము చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, రేకుకు గాలికి గల ప్రతి డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 15 వాట్లను తీసికొనిపోవు మందగాలి, 25 డిగ్రీల వస్తువువలె వికిరణము చేయు ఆకాశము — ఇవి ఉన్నవనుకొని, క్రిందికి పోవు వేడిని వదలి, స్టీఫన్ సూత్రముతో లెక్కించవచ్చును. ఎండలో నూటికి 95 పాళ్ళు పీల్చు నల్లరేకు సుమారు 78 డిగ్రీల వద్ద నిలుచును. 70 పాళ్ళు పీల్చు ఎర్రరేకు 68 డిగ్రీలకు చేరును. 25 పాళ్ళు పీల్చు తెల్లరేకు 48 డిగ్రీలు దాటదు. 60 పాళ్ళు పీల్చి, ఉద్గారత 0.2 గల జింకు రేకు ఏమగును? 75 డిగ్రీలు! అనగా మెరయు రేకు తెలుపుకు చుట్టము కాదు, నలుపుకు చుట్టము. గాలి ఇంకను స్తంభించినదనుకొని ఆ 15 వాట్లను 8కి తగ్గించినచో, జింకు రేకు నల్లరేకును సైతము కొద్దిగా మించిపోవును. లెక్కలోని అంకెలు గాలిని బట్టి, రేకు వయస్సును బట్టి మారును. కాని తెల్లపూతకు, మెరయు రేకుకు నడుమ గల ఎడము మాత్రము చిన్నదియని చెప్పుటకు వీలులేదు.

అల్యూమినియము పొడి కలిపిన వెండిరంగు ఈ రెండింటి నడుమ నిలుచును. 45 పాళ్ళు పీల్చి, ఉద్గారత 0.5 గలదనుకొన్నచో దాని లెక్క 61 డిగ్రీలు. ఈ సందర్భమున అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారు 2011లో ప్రచురించిన పరిశోధన ఒకటి తరచు ఉదహరింపబడుచున్నది. ఒకే నమూనాకు చెందిన రెండు కార్లను, ఒకటి నలుపు, ఒకటి వెండిరంగు, కాలిఫోర్నియా ఎండలో నిలిపి చూచిరి. వెండిరంగు కారు టాపు నల్లదానికన్న 25 డిగ్రీల వరకు చల్లగా ఉండెను. లోపలి మనిషి పీల్చు గాలిలో తేడా 5, 6 డిగ్రీలు. దీనిని చదివి “వెండిరంగే చాలును” అనుకొనుట పొరపాటు. కారు వెండిరంగుపై పారదర్శకమైన పూత ఒకటి ఉండును. దాని మూలముగ ఆ రంగు పీల్చిన వేడిని పెయింటువలెనే ధారాళముగా విడుచును. షెడ్డులో డబ్బా నుండి తీసి పూయు వెండిరంగుకు ఆ పైపూత ఉండదు. మరియు కారులో ఎండ ఎక్కువగా అద్దముల గుండ లోనికి వచ్చును. కనుకనే టాపులో 25 డిగ్రీల తేడా లోపలి గాలిలో 5, 6కు దిగినది. వ్యాను గూటికి అద్దములు లేవు. లోనికి వచ్చు వేడికి రేకే దారి. కాబట్టి గూటి విషయమున రంగు ప్రభావము కారులోకన్న ఎక్కువ వాటా వహించుననుట న్యాయము.

తెలుపు పక్షమున వాదించువారు చేయు అతిశయోక్తి కూడ ఒకటి కలదు. బండి పరుగెత్తునప్పుడు రంగు తేడా చాల తగ్గిపోవును. గాలి తీసికొనిపోవు వేడిని డిగ్రీకి 50 వాట్లుగా లెక్కించినచో నల్లరేకు 55 డిగ్రీలకు, తెల్లరేకు 43కు దిగును. నిలిచియున్నప్పుడు 30 డిగ్రీలైన తేడా ఇప్పుడు 12 మాత్రమే. అందువలన రోజంతయు దూరప్రయాణము చేయు బండికన్న, పొలము గట్టున సరకు కొరకు ఒక గంట, మార్కెట్టు వద్ద వంతు కొరకు రెండు గంటలు నిలిచిపోవు బండికే ఈ చర్చ ఎక్కువ అవసరము. పల్లె బండ్ల స్థితి ఇదియే.

టాపుకు, ప్రక్కలకు ఒకే రంగు వేయవలెనను పట్టింపు కూడ అనవసరము. రోలుగుంట 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నము జిల్లాలో ఉండి, నాటి నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మారినను అక్షాంశము మారలేదు. అది సుమారు 17.7 డిగ్రీల ఉత్తరము. కావున మే రెండవ వారములోను, మరల ఆగస్టు మొదటి రోజులలోను మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తిన ఉండును. మండువేసవిలో, మధ్యాహ్నపు ఎండ టాపుపై నిటారుగా పడి, ప్రక్కలను రాసుకొని పోవును. టాపు తెల్లగా ఉన్నచో ప్రక్కలకు క్యాబిను రంగు వేసికొన్నను పెద్ద నష్టము లేదు. ప్రక్కలకు ఉదయము, సాయంకాలము తగులు ఎండ మాత్రము మిగులును.

గూటి లోపలి మొగమును గురించి ఎవ్వరును ఆలోచింపరు. “పైన తెలుపు వేసితిమి, లోపల కూడ తెలుపు వేసినచో ఇంకను చల్లగా ఉండును” అనుకొని లోపల కూడ పెయింటు పూయుదురు. ఇది సరియైన సూత్రమును తప్పు చోట వాడుట. గూటి లోపల ఎండ లేదు, వేడెక్కిన రేకు వెదజల్లు దీర్ఘతరంగ పరారుణము మాత్రమే కలదు. ఆ పరారుణమునకు తెల్లపూత, నల్లపూత ఒకటే. రెండింటి ఉద్గారత 0.9 గదా! 75 డిగ్రీల రేకు క్రింద 40 డిగ్రీల సరకు ఉన్నచో, పూత గల లోపలి మొగము చదరపు మీటరుకు సుమారు 260 వాట్లు సరకుపై కురిపించును. పూత లేని జింకు మొగము 60 వాట్లు కూడ కురిపించదు. పైన దుర్గుణమైన పిసినారితనము లోపల సద్గుణమైనది. కనుక పైన తెల్లపూత, లోపల పూత లేని జింకు మొగము ఉండుట మేలు. లోపల వెలుతురు కావలసినవారు ప్రక్కలకు మాత్రము తెలుపు వేసికొనవచ్చును.

ఈ సత్యము షెడ్డులలో తేలకపోవుటకు ఒక పరికరము కూడ కారణమగుచున్నది. తుపాకివలె గురిపెట్టి ఉష్ణోగ్రత చెప్పు పరారుణ మాపకములు నేడు అందరకు తెలిసినవే. నుదుటికి గురిపెట్టు రకమును 2020 నాటి కోవిడ్ కాలమున పిల్లలు సైతము చూచిరి. కర్మాగారములలో వాడు రకముతో రేకులను కొలిచి, “చూడుడు, జింకు రేకు ఎంత చల్లగా ఉన్నదో” అని చూపించువారు కలరు. ఆ పరికరము ఉష్ణోగ్రతను నేరుగా కొలువదు. వస్తువు నుండి వచ్చు పరారుణమును కొలిచి, ఉద్గారత సుమారు 0.95 అని అనుకొని, ఉష్ణోగ్రతను లెక్కకట్టి చెప్పును. జింకు రేకు పరారుణమును తక్కువగా విడుచును గనుక, అది కాలుచున్నను పరికరము దానిని చల్లనిదానినిగా చూపును. రేకుపై కొంచెము మేర నల్ల ఇన్సులేషను టేపు అంటించి, కొంతసేపాగి, ఆ టేపుపై గురిపెట్టినచో అసలు అంకె బయటపడును. చేతితో ముట్టి చూచినను తెలియును గాని, 75 డిగ్రీల రేకును ముట్టుట పిల్లలకు చెప్పదగిన పని కాదు.

పాఠశాలలో ఈ విషయమును పరీక్షించుటకు ఖర్చు అంతగా లేదు. ఒకే కొలతగల జింకు రేకు ముక్కలు నాలుగు తీసికొనవలెను. ఒకదానికి తెలుపు, ఒకదానికి నలుపు, ఒకదానికి వెండిరంగు పూసి, నాలుగవదానిని అట్లే ఉంచవలెను. ఒక్కొక్కదాని క్రింద ఉష్ణమాపకపు బుడ్డిని టేపుతో అదిమి, థర్మోకోలు పలకపై ఎండలో పెట్టి, పది నిమిషములకొకసారి అంకెలు వ్రాసికొనవలెను. జ్వరము చూచు ఉష్ణమాపకము పనికిరాదు, 110 డిగ్రీల సెల్సియస్ వరకు చూపు ప్రయోగశాలది కావలెను. అరగంట గడచిన పిమ్మట విద్యుత్ పంకాతో గాలి విసరి, తేడాలు ఎట్లు కుదించుకొనిపోవునో చూడవలెను. సాధారణముగా పుస్తకములు సూచించునది రెండు డబ్బాల ప్రయోగము, నలుపు ఒకటి, తెలుపు ఒకటి. అందులో జవాబు ముందే తెలిసియుండును. నాలుగవ ముక్క చేరినప్పుడే తరగతిలో పందెము మొదలగును, తప్పుగా ఊహించినవారే ఎక్కువమంది ఉందురు.

ఇక తెలుపుకు గల నిజమైన చిక్కులు చెప్పవలెను. దుమ్మురోడ్లపై తిరుగు బండి టాపు కొద్ది వారములలో మాసిపోవును, మాసిన తెలుపు తిప్పికొట్టు పాలు తగ్గును. మట్టి కనపడదని ఎరుపును ఎన్నుకొన్నవాడు ఇందులో కొంత గెలిచినట్లే కనపడును. అయినను మాసిన తెలుపు ఎరుపుకన్న చల్లగనే ఉండును. బండి కడుగునప్పుడు ప్రక్కలను తోమి టాపును వదలివేయు అలవాటు మానినచో చాలును. ఇంటి డాబాకు వేయు సున్నము గాలికి, కుదుపునకు రేకుపై నిలువదు. సాధారణ నూనె ఎనామెలును నేరుగా జింకుపై పూసినను నిలువదు. అందలి నూనె జింకుతో కలిసి సబ్బువంటి పదార్థమై పూత పెచ్చులుగా లేచిపోవును. “తెల్లరంగు నాణ్యత లేనిది” అను నిందకు మూలము పెక్కు తావుల ఇదియే. జింకుకు పట్టు ప్రైమరును ముందుగా వేయించవలెను.

చట్టము మాట కూడ ఒకటి. బండి రంగు రిజిస్ట్రేషను పత్రములో నమోదైయుండును. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ఆ పత్రములోని వివరములకు భిన్నముగా బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు. కావున గూడు కట్టించుటకు ముందే రవాణా కార్యాలయములో అడిగి తెలిసికొనుట మంచిది. కార్డులోని రంగులలో ఒకదానికి మాత్రము అడుగవలసిన పని కూడ లేదు. ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణశాఖ వాహనములకు తప్ప మరి దేనికిని వేయరాదని కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో కలదు.